పండ్రెండుమంది బిడ్డలతో తిరిగివచ్చిన రైతు

హారీ హోల్టు జీవితచరిత్ర

చదువవలసిన భాగములు: నిర్గమ 2:1-10, ఎస్తేరు 2:5-11, యెషయా 43:1-7



ఎస్తేరు గ్రంథము చదువునప్పుడు మనకందరికి ఎస్తేరే కనబడును. ఆమెను పెంచినవానిని అంతగా చూడము. తలిదండ్రులు లేని పినతండ్రి కుమార్తెను మొర్దెకై తన కుమార్తెగా చేసికొనెను. ఆమె రాజు నగరులోనికి పోయిన పిమ్మట అతడు ప్రతిదినము అంతఃపురపు ముంగిట అటు ఇటు తిరుగుచు, ఆ బిడ్డ ఎట్లున్నదో తెలిసికొనుచుండెను. పురీము పండుగను గూర్చి, హామాను ఉరికొయ్యను గూర్చి మనము ఎన్నో ప్రసంగములు వింటిమి గాని, ఈ తిరుగుటను గూర్చి విన్నది తక్కువ. పెంచుకొను తండ్రి పని చాలవరకు ఇదియే.

ఈ నెల వ్రాయుచున్నది అటువంటి ఒక తండ్రి చరిత్ర. ఆయన పాదిరి కాడు, పండితుడు కాడు, సేద్యము చేసికొను మనుష్యుడు. సముద్రము దాటిపోయి, పరదేశములో నెలల తరబడి కాచుకొనియుండి, పండ్రెండుమంది బిడ్డలను విమానములో ఎక్కించుకొని వచ్చెను. ఆయన తెరచిన త్రోవను తరువాత వేలమంది నడచిరి. ఆ త్రోవవలన మేలును కలిగెను, కీడును కలిగెను. భక్తుల చరిత్రలు వ్రాయునప్పుడు మేలు మాత్రమే చెప్పు వాడుక మనలో కలదు. దావీదు విషయములో పరిశుద్ధ గ్రంథము అట్లు చేయలేదు గనుక ఇక్కడ రెండును చెప్పెదను.

హారీ హోల్టు 1905వ సంవత్సరమున అమెరికాలో పుట్టెను. నర్సు పని నేర్చిన బెర్తా అను ఆమెను 1927 డిసెంబరు 31న పెండ్లాడెను. వారు దక్షిణ డకోటా రాష్ట్రములో కాపురముండి సేద్యము చేసిరి. 1930 మొదలుకొని అక్కడ వానలు తప్పిపోయెను. దుక్కి మన్ను ఎండి, గాలికి లేచి, పట్టపగలు చీకటి కమ్మునంతగా ధూళి రేగుచుండెను. ఇది అనంతపురపు సీమవారికి విడమరచి చెప్పనక్కరలేదు. వేరుసెనగ విత్తి, మబ్బు వంక చూచి చూచి, తుదకు ఇంటికి తాళము వేసి, ధర్మవరములోనో పెనుకొండలోనో హిందూపురములోనో బెంగుళూరు రైలు ఎక్కినవారు మన సంఘములన్నిటిలోను ఉన్నారు. హోల్టు కుటుంబము కూడ ఆలాగే 1937లో పడమటి సముద్రము వైపునకు, ఆరెగాను రాష్ట్రమునకు వలసపోయెను. అక్కడ మ్రానులు కోసి పలకలు చేయు మిల్లు నడపి, భూమి సంపాదించి, క్రెస్వెల్ అను చిన్న ఊరిలో నిలిచిరి. ఆరుగురు బిడ్డలు కలిగిరి. చేతిలో నాలుగు డబ్బులు కూడెను. 1950లో హారీకి గుండెపోటు వచ్చెను. ప్రాణము దక్కెను గాని ఆ గుండె మరల మునుపటివలె కాలేదు.

1954 డిసెంబరు నెలలో దగ్గరి పట్టణమైన యూజీన్‌లో ఒక సినిమా చూపబడెను. బాబ్ పియర్సు అను సువార్తికుడు కొరియా దేశములోని అనాథ బిడ్డలను గూర్చి తీయించిన చిత్రమది. కొరియా యుద్ధము 1950లో మొదలై 1953లో ఆగెను. దేశము బూడిదయై యుండెను. అందులో మరియొక సంగతి యుండెను. అమెరికా సైనికులకును కొరియా స్త్రీలకును పుట్టిన బిడ్డలు వీధులలో కనబడుచుండిరి. ఆ దేశములో మనుష్యుని పేరు తండ్రి వంశపు పట్టీలో వ్రాయబడవలెను. తండ్రి పేరు లేని బిడ్డకు బడిలో చోటు దొరకుట కష్టము, పని దొరకుట కష్టము. కన్నుల రంగు, తలవెండ్రుకల రంగు చూచి తోటి పిల్లలు రాళ్లు రువ్వుదురు. తల్లి బిడ్డను దాచిపెట్టవలెను, లేదా ఎవరికైనను ఇచ్చివేయవలెను. కులము, తండ్రి పేరు అడుగు ఊళ్లలో బ్రదికిన మనకు ఈ సంగతి అర్థమగును.

హోల్టు దంపతులు మొదట అందరివలె కొందరు బిడ్డలకు నెలనెల డబ్బు పంప నారంభించిరి. అంతటితో మనస్సు ఊరకుండలేదు. ఇంటిలో చోటున్నది, పొలమున్నది, పెద్దవారైన బిడ్డలు సాయముందురు. ఎనిమిదిమందిని తెచ్చుకొందమని నిశ్చయించిరి. ఆయనకు ఏబది యేండ్లు, ఆమెకు ఏబదియొకటి. బిడ్డలను అడుగగా వారును సరే యనిరి.

అడ్డమైనది చట్టము. 1953లో అమెరికాలో చేయబడిన శరణార్థుల చట్టము ప్రకారము ఒక్కొక్క కుటుంబము పరదేశపు అనాథలను ఇద్దరినే తెచ్చుకొనవచ్చును. ఎనిమిదిమంది కావలెననిన శాసనసభ ప్రత్యేకముగా ఒక చట్టము చేయవలెను. ఇది తెలిసినవారు చాలమంది ఇద్దరితో తృప్తిపడుదురు. హోల్టు దంపతులు పనిని పంచుకొనిరి. బెర్తా ఇంటియొద్ద నిలిచి చట్టము సంగతి చూచుటకును, హారీ కొరియాకు పోయి బిడ్డల సంగతి చూచుటకును ఒప్పుకొనిరి. 1955 మే నెల కడపట ఆయన బయలుదేరెను.

త్రోవలో జపాను దేశపు టోక్యో పట్టణమున ఒక రాత్రి ఆయన అధైర్యపడెను. గుండె బలహీనము, భాష రాదు, చట్టము కాలేదు, చేయబోవునది వెర్రియేమో యను భయము. ప్రార్థించి చీకటిలోనే బైబిలు తెరచి ఒకచోట వ్రేలుంచి, దీపము వెలిగించి చూడగా అది యెషయా 43వ అధ్యాయము 5వ వచనమాయెను. దేవుడు తన ప్రజలను భయపడవద్దని చెప్పి, వారి సంతానమును తూర్పు దిక్కునుండి రప్పించెదనని వాగ్దానము చేయు చోటు అది. కన్నులు మూసికొని బైబిలులో వ్రేలు పెట్టుట మన సంఘములలోను కలదు. నేను దానిని నేర్పను, ప్రోత్సహింపను. ఆ అధ్యాయము బబులోను చెరలోనున్న ఇశ్రాయేలుతో మొదట చెప్పబడినదని మరువరాదు. అయినను ఆ రాత్రి ఆ మనుష్యుడు దానివలన ధైర్యము తెచ్చుకొని ముందుకు పోయెను. బెర్తా తరువాత 1956లో ఈ చరిత్రయంతయు పుస్తకముగా వ్రాసి, ఆ వచనమునుండియే దానికి పేరు పెట్టెను.

పని విడిచి, సెలవు తీసికొన్నవానివలె ఆయన ఆ వేసవియంతయు పరదేశములో గడపెను. చూచువారికి అది విహారయాత్రగా కనబడవచ్చును. అక్కడ ఆయన చేసిన పని అనాథ గృహముల చుట్టు తిరుగుట, ఒక్కొక్క బిడ్డను ఎత్తుకొని చూచుట, వైద్యుల పరీక్షలు చేయించుట, పాసుపోర్టులకు, వీసాలకు ఒక కచేరీనుండి మరియొక కచేరీకి నడచుట. శిశువులకు విరేచనములు, దగ్గు, జ్వరము. వారికి పాలు కలుపుట, గుడ్డలు మార్చుట. తన దేశములో ఆ కాలపు మగవారు సొంత బిడ్డలకే చేయని పనులు ఇవి. మొర్దెకై ముంగిట తిరిగినట్లు ఆయన తిరిగెను. బిడ్డ మీద సంతకము చేయుటకు ముందు బిడ్డ ఏడ్పు ఎట్టిదో ఆయనకు తెలిసెను, ఎవరు రాత్రి మేల్కొందురో తెలిసెను.

అదే కాలమున బెర్తా ఇంటియొద్ద కూర్చుండలేదు. ధర్మవరపు మగ్గముల సంగతి మీకు తెలియును: నేయువాడు మగ్గము మీద కనబడును, కండెలు చుట్టినవారు కనబడరు. ఆమె స్నేహితులచేత శాసనసభ్యులకు ఉత్తరములు వ్రాయించెను. ఆరెగాను సెనేటరైన రిచర్డు న్యూబర్గరు, ప్రతినిధి ఈడిత్ గ్రీన్ అను ఆమె ఈ సంగతిని చేపట్టిరి. కొన్ని నెలలు, ఏండ్లు పట్టునని అందరు చెప్పిన చట్టము ఆ వేసవిలోనే రెండు సభలలోను అంగీకరింపబడి, ఆగస్టు నెలలో అధ్యక్షుడైన ఐసన్‌హోవరు సంతకము పొందెను.

1955 అక్టోబరు 14న పోర్టులాండు విమానాశ్రయములో హారీ హోల్టు దిగెను. ఆయనతో పండ్రెండుమంది బిడ్డలుండిరి. ఎనిమిదిమంది తన ఇంటికి, నలుగురు ఇతర కుటుంబములకు. పత్రికలవారు, ఫోటోలు తీయువారు గుమిగూడిరి. ఆ ఫోటోలు దేశమంతట ప్రచురింపబడగా, మాకును ఒక బిడ్డ కావలెనని ఉత్తరములు గుట్టలుగా వచ్చి పడెను.

ఇక్కడినుండి కథ కొంత కష్టమగును.

1956లో హోల్టు దంపతులు దత్తత పనికై ఒక సంస్థను స్థాపించిరి. నర్సు పని నేర్చిన వారి కుమార్తె మోలీ ఆ యేడే కొరియాకు పోయెను. అమెరికాలో బిడ్డ కావలెనని కోరు దంపతులు కొరియాకు రానక్కరలేకుండ, వారి పక్షమున హోల్టు అక్కడి కోర్టులో సంతకము చేయు పద్ధతి ఏర్పడెను. విమానములు ప్రత్యేకముగా కుదుర్చుకొని శిశువులను వరుసగా పండుకొనబెట్టి తీసికొనివచ్చిరి. తలిదండ్రులు విమానాశ్రయములో నిలిచి, పేరు వ్రాసిన చీటి చూచి, మొట్టమొదటిసారి తమ బిడ్డను చేతులలోనికి తీసికొనిరి. రోగముతో బయలుదేరిన శిశువులలో కొందరు త్రోవలోను, వచ్చిన పిమ్మటను చనిపోయిరి. శిశు సంక్షేమము చూచు ఉద్యోగులు దీనిని గట్టిగా ఆక్షేపించిరి: ఆ కుటుంబము ఎటువంటిదో ఎవరు చూచిరి? ఆ బిడ్డకు ఏ జబ్బున్నదో తలిదండ్రులకు ఎవరు చెప్పిరి? హోల్టు వారి మాట లెక్కచేయలేదు. కాగితములు కూర్చుకొను కాలములో బిడ్డలు చచ్చిపోవుచున్నారని ఆయన బాధ. దంపతులు క్రొత్తగా జన్మించిన క్రైస్తవులైతే చాలునని ఆయన నమ్మకము.

ఆయన బాధ నిజము. అనాథ గృహములలో శిశువులు నిజముగా చచ్చుచుండిరి. అయినను ఈ విషయములో నేను ఆక్షేపించినవారి పక్షముననే నిలిచెదను. మనము బాప్తిస్మము ఇచ్చుటకు ముందు ఒక మనుష్యుని ఎన్ని నెలలు చూచెదము? పెండ్లి ప్రకటన మూడు ఆదివారములు చదువుదుము. బిడ్డను అప్పగించుటకు సాక్ష్యము చెప్పిన నోరు మాత్రమే చాలునా? విచిత్రమేమనగా, నాలుగున్నర నెలలు పరదేశములో కాచుకొనియుండి, ప్రతి బిడ్డను తన చేతులతో ఎత్తిన మనుష్యుడే, బిడ్డను చూడకయే తలిదండ్రులు కావచ్చునను త్రోవను ఇతరులకు తెరచెను. తాను నడచిన నడక వారికి అక్కరలేదని తలంచెను. 1961 సెప్టెంబరులో అమెరికా చట్టము మార్చబడెను. పరదేశములోనే దత్తత జరుగవలెననిన తలిదండ్రులు స్వయముగా పోయి బిడ్డను చూచియుండవలెనను నియమము వచ్చెను. హోల్టు 1955లో చేసినదే చట్టమాయెనని చెప్పవచ్చును.

అటు తరువాత కొరియా సంపన్న దేశమైనను బిడ్డలు పోవుట ఆగలేదు. 1970, 1980 దశకములలో మరింత పెరిగెను. మొత్తము లక్షన్నరకు పైగా బిడ్డలు పరదేశములకు పోయిరి. వారు పెద్దవారై, తల్లిని వెదకుచు తిరిగి వచ్చినప్పుడు, అనేకుల కాగితములు అబద్ధములని బయటపడెను. తల్లి బ్రదికియుండగా అనాథయని వ్రాసిన పట్టీలు, ఒక బిడ్డకు బదులు మరియొక బిడ్డను పంపిన పేరులు. 2025 మార్చిలో ఆ దేశపు ప్రభుత్వమే నియమించిన సత్యశోధన సంఘము ఈ తప్పులను ఒప్పుకొని వెల్లడిచేసెను. అక్టోబరులో అధ్యక్షుడు క్షమాపణ చెప్పెను. ఇందులో అత్యధిక భాగము హోల్టు మరణానంతరము జరిగినది. వాటినన్నిటిని ఆయన మీద మోపుట న్యాయము కాదు. తొందరపాటు నేర్పినవారిలో ఆయన ఒకడు కాడని అనుటయు న్యాయము కాదు.

నిర్గమకాండము 2వ అధ్యాయము మరల చదువుడి. ఫరో కుమార్తె నీళ్లలోని బిడ్డను చూచి కనికరపడెను. అది గొప్ప సంగతి. అయితే ఆ కథలో కన్నతల్లి పేరు తుడిచివేయబడలేదు. మిర్యాము ఒడ్డున నిలిచి చూచెను. యోకెబెదు పిలువబడి, జీతము పొంది, తన బిడ్డకు తానే పాలిచ్చెను. అందుచేతనే మోషే పెద్దవాడైనప్పుడు తన జనులు ఎవరో ఎరిగియుండెను. కొరియాలో ఎంతమంది యోకెబెదులకు ఆ జీతము, ఆ కొన్ని నెలలు దొరకియుండిన, బిడ్డను ఇచ్చివేయకయే యుందురు?

ఇది దూరదేశపు సంగతి యని చదువరులు తలంచవద్దు. మన రాష్ట్రములోనే 1999లోను 2001లోను తండాలలోని బీదల యొద్దనుండి కొద్ది డబ్బుకు ఆడశిశువులను తెచ్చి, పరదేశీయులకు దత్తత ఇచ్చుచుండిన సంగతి హైదరాబాదులో బయటపడెను. 1984లోనే సుప్రీంకోర్టు లక్ష్మీకాంత్ పాండే అను న్యాయవాది వ్రాసిన ఉత్తరమును విచారించి, పరదేశీయుల దత్తతకు కట్టుబాట్లు విధించియుండెను. తరువాత 1990లో కారా అను కేంద్ర సంస్థ ఏర్పడెను. ఇప్పుడు ఇచ్చివేసిన తల్లికి మనస్సు మార్చుకొనుటకు 60 దినముల గడువు కలదు. మొదట దేశములోనే కుటుంబమును వెదకవలెను. పరదేశపు దంపతులైతే సెలవు పెట్టుకొని తామే మన దేశమునకు వచ్చి బిడ్డను తీసికొనిపోవలెను. క్రొత్త ఊరు, క్రొత్త ఎండ, ఏడ్చుచున్న క్రొత్త బిడ్డ. ఆ దినములు వారికి వృథా కావు.

మన క్రైస్తవుల సంగతి ఒకటి చెప్పవలెను. హిందువులకు 1956నుండి దత్తత చట్టము కలదు. మనకు చాలకాలము 1890 నాటి సంరక్షకుల చట్టమే దిక్కు. దానివలన పెంచినవాడు సంరక్షకుడగును గాని తండ్రి కాడు. బిడ్డ మేజరు కాగానే ఆ కట్టు తెగిపోవును. మిషను బంగళాలలో పెరిగిన మన అవ్వలకు, తాతలకు ఇదియే గతి. బాలల న్యాయ చట్టమువలన, ముఖ్యముగా 2015 నాటి చట్టమువలన, ఏ మతస్థులైనను బిడ్డను పూర్తిగా తమ బిడ్డగా చేసికొనవచ్చును. 2022 సెప్టెంబరునుండి ఆ ఉత్తరువును జిల్లా కలెక్టరే ఇచ్చుచున్నాడు. మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరములవారికి అది పుట్టపర్తిలోనే.

అయినను సంతానము లేనివారు ఆసుపత్రి ఆయా చేతినుండి, లేక దూరపు బంధువు చేతినుండి, రాత్రివేళ బిడ్డను తెచ్చుకొనుట ఇంకను మానలేదు. ప్రేమతోనే తెచ్చుకొందురు. ఆ బిడ్డను ఆదివారమున గుడికి తెచ్చి ప్రతిష్ఠింపుమని అడుగుదురు. కొన్ని యేండ్లకు పెంచిన తండ్రి చనిపోవును. అన్నదమ్ములు వచ్చి, వీడు ఎవరు, వీనికి పొలములో పాలు ఏమని అడుగుదురు. చూపుటకు ఒక్క కాగితము ఉండదు. రోమా పత్రికలో పౌలు దత్తపుత్రాత్మను గూర్చి చెప్పి, వెంటనే వారసత్వమును గూర్చి చెప్పెను. పౌలు ఎరిగిన రోమీయుల చట్టములో దత్తత సాక్షుల యెదుట జరుగుచుండెను. 

హారీ హోల్టు కడపటి సంవత్సరములు చెప్పవలసియున్నవి. అమెరికా దంపతులు కోరినది ఆరోగ్యముగల శిశువులను. నడవలేని బిడ్డ, చూపులేని బిడ్డ, బుద్ధి ఎదగని బిడ్డ కొరియాలోనే మిగిలిపోవుచుండిరి. వారికొరకు 1960 దాటిన తరువాత ఆయన సియోలు పట్టణమునకు దగ్గరనున్న ఇల్సాను అను చోట కొండ ప్రక్కను భూమి కొని, గృహములు కట్టించెను. వైద్యులు వద్దనినను ఆయన క్రెస్వెల్‌లో నిలువక అక్కడికి పోవుచునే యుండెను. 1964 ఏప్రిల్ 28న ఇల్సానులోనే ఆయన గుండె ఆగెను. ఆ కొండ మీదనే ఆయనను పాతిపెట్టిరి.

భర్త పోయిన పిమ్మట సంస్థ మూతపడునని కొందరు తలంచిరి. బెర్తా దానిని ముప్పదియారు సంవత్సరములు మోసెను. 1966లో ఆమెను అమెరికా మాతృమూర్తిగా ఎన్నుకొనిరి. ఆమె ప్రతిదినము పరుగెత్తునది. తొంబది యేండ్లు దాటినవారి 400 మీటర్ల పందెములో లోకములో ఎవరికిని లేని వేగము చూపెనని చెప్పిన మీలో కొందరు నవ్వుదురేమో గాని అది నిజము. 2000 జూలై 31న తొంబదియారవ యేట చనిపోగా, ఆమె దేహమును సముద్రము దాటించి ఇల్సానులో భర్త ప్రక్కను ఉంచిరి.

మోలీ పెండ్లి చేసికొనలేదు. 1956లో వెళ్లిన ఆ అమ్మాయి కొరియా భాష మాటలాడుచు, ఎవరును తీసికొనిపోవుటకు రాని ఆ బిడ్డలతో ఇల్సానులోనే ముసలిదాయెను. ఆ బిడ్డలలో కొందరును ఆమెతో పాటు ముసలివారైరి. 2019 మే 17న ఆమె అక్కడి దేశములోనే కన్నుమూసెను.